ఆరో మనిషికి చోటు

వేసవి సెలవులు మొదలైన మొదటి ఆదివారం భోజనాలయ్యాక ఆ ఇంట్లో బల్ల తుడిచి, ఆ ఏటి పిక్నిక్కుకి దారి వెతకడానికి దాని మీద రోడ్ల పటం పరిచేవారు. అంచులు లేవకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టేవారు. పెన్సిలు మాత్రం కోడలి చేతిలోనే ఉండేది. బస్సు డిపోలో ఎంక్వైరీ కిటికీ వెనక పదకొండేళ్ళుగా కూర్చుంటున్న మనిషి కదా, ఏ రోడ్డు మీద చెట్ల నీడ ఉంటుందో, ఏ ఊళ్ళో మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయో, ఎక్కడ మళ్ళితే టోల్ గేటు తప్పుతుందో ఆమెకి నోటికొచ్చు.

వంద కిలోమీటర్లు దాటకూడదు. చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. తిండి ఇంటినుంచే పట్టుకెళ్ళాలి. చూసేదేదైనా టికెట్టు లేకుండా చూడనివ్వాలి. ఇవీ ఆమె షరతులు.

"దూరపు కొండలు నునుపంటారు. దగ్గరి కొండలూ నునుపే. మనం ఎక్కి చూడంగదా!" అనేది.

అలాగే ఒక ఏడాది రైళ్ళు ఆగిపోయిన పాత వంతెన మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని పండ్లు తిన్నారు. ఇంకో ఏడాది రొట్టెల కార్ఖానా వెనక గోడ నీడన, వేడి వేడి వాసన పీలుస్తూ, ఇంటినుంచి తెచ్చుకున్న నిన్నటి రొట్టె నమిలారు. పిల్లలిద్దరూ ఏడాది పొడుగునా ఆ రొట్టె గురించే చెప్పుకున్నారు.

చిక్కల్లా కారుతోనే. దానికి ఐదు సీట్లు. మనుషులు ఆరుగురు: మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, లెక్కల టీచరైన ఆడపడుచు, అత్తగారు.

అత్తగారికి కోపం వస్తే చిన్నదైపోయేది. కట్టుకున్న బట్టలూ పెట్టుకున్న కళ్ళద్దాలూ సహా. కోపం ఎంత పెరిగితే మనిషి అంత తగ్గేది. మామూలు కోపానికి మంచినీళ్ళ సీసా అంత అయ్యేది. రొట్టెల బుట్టలో తువ్వాలు మడిచి వేసి, ఆమెని అందులో కూర్చోబెట్టి, కారు అద్దం ముందు పెట్టేవారు. దారంతా అక్కణ్ణించే సన్న గొంతుతో అందర్నీ తిట్టేది. సాయంత్రానికి కోపం చల్లారి, ఇంటి గుమ్మం ముందు మళ్ళీ నిలువెత్తు మనిషయ్యేది. కాబట్టి ప్రయాణంనాడు పొద్దున్నే ఆమెకి ఎవరో ఒకరు కోపం తెప్పించాలి. తాళం వెయ్యడం, నీళ్ళ సీసాలు నింపడం లాగే అదీ ఒక పని.

ఆ పని కోడలిది. ఆమె మొగుడికి కళ్ళద్దాల దుకాణం ఉంది. వచ్చినవాళ్ళందరితో తేనె పూసినట్టు మాట్లాడీ మాట్లాడీ, అతని నోట్లోంచి కటువైన మాట రావడం మానేసింది. ఆడపడుచు అసలే మాట్లాడదు. ఆ అన్నాచెల్లెళ్ళు చేతికి మట్టి అంటకుండా గుమ్మంలో నిలబడేవారు, కోడలు పోట్లాడేది, అత్తగారు తగ్గేది, వాళ్ళు బుట్ట పట్టుకొచ్చేవారు.

మొదట్లో "పులుసులో ఉప్పెక్కువైంది అత్తయ్యా" అంటే చాలు, ఆవిడ బుట్టలో పట్టేది. మరి ఏ మాటకైనా వాడేకొద్దీ పదును తగ్గుతుంది. ఏటా కొత్తది వెతుక్కోవాలి. కోడలికి వెతుక్కోవడం కష్టమూ కాలేదు. ఆమెకి అత్తగారంటే నిజంగానే అసహ్యం. అత్తగారికి కోడలంటే అంతకు రెండింతలు. ఎనిమిదేళ్ళ క్రితం మామగారు ఆసుపత్రిలో పోయిన రోజు, గది తలుపుకి అడ్డంగా నిలబడి అత్తగారిని లోపలికి వెళ్ళనివ్వలేదు కోడలు. ఆయన పోయాక అత్తగారు అదే వరండాలో, నర్సులూ చుట్టాలూ చూస్తుండగా, ఆమె చెంప ఛెళ్ళుమనిపించింది. అప్పట్నించీ "నా మొగుడి ఆఖరి చూపు దక్కనివ్వని పాపిష్టిది" అన్న మాట ఆ ఇంట్లో రోజుకొకసారైనా వినపడేది. కోడలు జవాబు చెప్పేది కాదు.

ఆ ఏడాది కోడలు పటం మీద పెన్సిలు పెట్టి సరస్సు ఊరికి గీత గీసింది. తొంభై నాలుగు కిలోమీటర్లు.

"శనివారం వెళ్దాం. దారిలో ఆ ఊరి డిపో దగ్గర ఆగితే మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి" అంది.

ఎవరికీ అనుమానం రాలేదు. ఆ డిపోలో టైమ్ కీపరు ఉద్యోగం ఆమెకి ఖాయమైంది. ఉండటానికి క్వార్టరూ ఇస్తారు. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టకపోతే జాబితాలో తరవాతి పేరుకి పోతుంది. రెండేళ్ళ క్రితం ఇలాంటి ఉత్తరమే ఒకటొస్తే మొగుడు చిరునవ్వుతో చదివి, "ఎందుకే మనకీ ఆయాసం" అంటూ నాలుగు ముక్కలు చేసి, అద్దాలు తుడిచే గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఈసారి ఉత్తరం ఆమె చేతిసంచి దాటి బయటికి రాలేదు. బస్సెక్కి పోదామంటే అతని దుకాణం ఇక్కడి డిపో గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆమె ఏ బస్సెక్కినా అతనికి కనపడుతుంది. ఇక మిగిలింది పిక్నిక్కే.

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి కోడలు వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు కోడిగుడ్ల పెంకు వలుస్తోంది.

"ఇదేం వలవడం అత్తయ్యా? సగం గుడ్డు పెంకుతోనే పోతోంది."

"అలాగా అమ్మాయ్" అంది అత్తగారు. ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

కోడలు ఆవిడ పుట్టింటిని అంది. నడకని అంది. కూతురికి పెళ్ళి కాకపోవడానికి ఆవిడ నోరే కారణమంది. అత్తగారు మోచేయంతకి తగ్గి, అక్కడే ఆగి, మళ్ళీ పెరగడం మొదలెట్టింది. వయసు మీద పడిందో, విసుగే పుట్టిందో. తొమ్మిదయింది. బయట మొగుడు హారను కొట్టాడు.

"ఏమైందే? అవకపోతే చెప్పు, ఇంకో వారం వెళ్దాం" అని తీయగా కేకేశాడు.

ఇంకో వారం అంటే ఉద్యోగం పోయినట్టే. కోడలు ఎనిమిదేళ్ళుగా పళ్ళ బిగువున దాచిన మాట అప్పుడు బయటికి తీసింది.

"ఆ రోజు మిమ్మల్ని ఆపింది నేను కాదు. మామయ్యగారే చెప్పారు. 'దాన్ని లోపలికి రానివ్వకు' అన్నారు. ఆయన ఆఖరి మాట అదే."

చేతిలో గుడ్డు బల్ల మీద పడి దొర్లింది. అత్తగారు కనపడలేదు. వెతగ్గా వెతగ్గా పెంకుల మధ్య బొటనవేలంత మనిషి నిలబడి ఉంది. తిట్టలేదు. అంత చిన్న మొహంలో కళ్ళు ఎటు చూస్తున్నాయో కోడలికి తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. బుట్టలో పెడితే అల్లిక సందుల్లోంచి జారిపోతుందని మొగుడు ఒక కళ్ళద్దాల డబ్బా తెచ్చిచ్చాడు. ఆ డబ్బా కోడలి చేతిసంచిలోకి వెళ్ళింది.

"ఈ ఏడు బాగా కుదిరిందే!" అని మెచ్చుకున్నాడు మొగుడు.

కారు బయల్దేరింది. పిల్లలు కిటికీల కోసం కొట్టుకున్నారు. ఎండ అద్దాల్లోంచి తొడల మీద పడి చురుక్కుమంటోంది. నాన్నమ్మ తిట్లు వినపడక కారు బోసిపోయిందని చిన్నవాడు గొణిగాడు. సగం దారిలో కోడలు సంచి తెరిచి చూసింది. డబ్బా మూత తోసుకుని అత్తగారు బయటికొచ్చేసి ఉంది. మడత విప్పిన ఉత్తరం ఆవిడకి దుప్పటంత ఉంది. దాని మీద వంగి, ఒక్కొక్క అక్షరం చుట్టూ నడిచి చదువుతోంది. తలెత్తి కోడల్ని చూసి, మళ్ళీ చదువుకుంది. కోడలు సంచి మూసేసింది. అరిచిందంటే కారంతా వినపడుతుంది. ఆవిడ అరవలేదు. కోడలికి అదే ఎక్కువ భయమేసింది.

సరస్సు ఊరి డిపో ముందు ఆగేసరికి పదకొండున్నర. కోడలు దిగి సంచి భుజాన వేసుకుంది. గేటు దగ్గర కాపలాదారు ఆమెను చూసి, మంచి మనిషి, గొంతెత్తి పలకరించాడు.

"కొత్త టైమ్ కీపరమ్మ మీరేనా? మేనేజరుగారు కాచుకుని ఉన్నారు. పన్నెండుకి గది మూసేస్తారు, త్వరగా వెళ్ళండి!"

మొగుడు కారు దిగాడు. నవ్వు అలాగే ఉంది. నవ్వుతూనే ఆమె భుజం మీది సంచి లాక్కుని, కిటికీలోంచి ముందు సీట్లోకి విసిరాడు.

"ఎక్కు."

"ఎక్కను. సంతకం పెట్టి వస్తాను."

"ఎంతమందిని వెర్రివాళ్ళని చేశావే! సరస్సంట, నీడంట. ఇల్లెవరు చూస్తారు? పిల్లల్నెవరు చూస్తారు? నువ్వు పోతే అమ్మతో ఎవరు పోట్లాడతారు? నేనా?"

"మీ అమ్మతో మీరే పోట్లాడుకోండి. నాకు చేతనైనంతకాలం చేశాను."

"అయితే విను. నువ్వా గేటులోకి అడుగు పెట్టావంటే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతా. మళ్ళీ వాళ్ళ మొహం చూడవు. అంత ఉద్యోగం కావాలా? తేల్చుకో."

అతని గొంతు ఇంకా తేనెలాగే ఉంది. వెనక సీట్లో పిల్ల ఏడుపు మొదలెట్టింది. కోడలికి అతని మొహం గీరెయ్యాలనిపించింది. కానీ కాళ్ళు కారు వైపే ఒక అడుగు వేశాయి. అతను చూసి, గెలిచానని తెలిసి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళంచెవి పెట్టబోయాడు. అది దిగలేదు. తిప్పి పెట్టాడు. దిగలేదు.

"అమ్మా!" అన్నాడు, తాళం సందులోకి వంగి చూసి. "అందులో నువ్వేం చేస్తున్నావు? బయటికి రా."

"రాను" అంది లోపల్నించి చీమ గొంతు. "నాతో పోట్లాట జీతంలేని కొలువనుకున్నావా? ఇది పోతే ఇంకెవర్ని పెడతావు రా?"

సీట్లో పడ్డ సంచిలోంచి పాకి వచ్చేసరికి ఆవిడ బియ్యపుగింజంత అయింది. తాళంచెవి గట్టిగా పొడిస్తే ప్రాణానికే ముప్పు. అతను చెమటలు కక్కుతూ ఒక్క నిమిషం కూర్చున్నాడు. తరవాత దిగి, "కదలకు ఇక్కణ్ణించి" అని పెళ్ళానికి చెప్పి, సన్నటి తీగముక్క కోసం ఎదురుగా ఉన్న మెకానిక్కు షెడ్డుకి పరిగెత్తాడు.

ఆడపడుచు తల తిప్పకుండానే చెయ్యి ముందుకు చాచి, సంచి తీసి, కిటికీలోంచి వదినకి అందించింది. కోడలు సంచి అందుకుంది. వెళ్ళబోయి, ఆగి, తాళం సందు దగ్గరికి వంగింది.

"ఎందుకు అత్తయ్యా?"

"నీ మీద ప్రేమతో అనుకుంటున్నావా? ఆ మాట తెలిసిన మనిషి నా ఇంట్లో ఉండకూడదు. నా ఎదుట తిరక్కూడదు. పో. ఈ కారు కదలదు. పిల్లల్ని సెలవులయ్యేలోగా నేనే తెచ్చి దిగబెడతా. వాడు నన్నాపలేడు. నీ గడప మాత్రం తొక్కను."

ఆ మాట సగమే. మామగారు అన్నది ఇంకా ఉంది. ఆ మిగతా సగాన్ని కోడలు, తిన్న చెంపదెబ్బకి బదులుగా, ఎనిమిదేళ్ళు తన దగ్గరే ఉంచుకుంది. ఇప్పుడది నాలిక చివరికి వచ్చింది. చెబితే ముసలావిడ కోపం కరిగిపోతుంది. కోపం కరిగితే పెరుగుతుంది, పెరిగితే బయటికి వస్తుంది, తాళం తిరుగుతుంది. గేటు మీది గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కోడలు నోరు మూసుకుని గేటులోకి నడిచింది.

మేనేజరు అద్దాలు వెతుక్కున్నాడు. కలం వెతుక్కున్నాడు. ఆమె తన పేరు మూడు కాగితాల మీద రాసి మూడు సంతకాలు పెట్టింది. మూడోది పూర్తయ్యేసరికి రెండు నిమిషాలు మిగిలాయి. "రెండు గంటల బస్సు నుంచి డ్యూటీ ఎక్కండి" అన్నాడాయన. ఆమె తలూపి, మెట్లు రెండేసి దిగుతూ గేటు బయటికి పరిగెత్తింది.

మొగుడు తీగ పట్టుకుని తాళం సందు మీద వంగి ఉన్నాడు. ఆమె అతన్ని భుజంతో పక్కకి నెట్టి, స్టీరింగు మీదికి వాలింది.

"అత్తయ్యా, ఆయన అన్నది అంతే కాదు. 'దాన్ని లోపలికి రానివ్వకు. నన్నిలా చూస్తే అది తట్టుకోలేదు' అన్నారు. మొత్తం మాట అది."

ఎదురుగా షెడ్డులో ఎవరో సుత్తితో రేకు కొడుతున్నారు. కాసేపటికి గింజంత మనిషి సందులోంచి సీటు మీదికి జారి, అక్కణ్ణించి నేల మీదికి దూకి, కారు పక్కన రోడ్డు మీద నిలబడింది. మోకాలంత అయింది, నడుమంత అయింది, కోడలి ఎత్తు దాటింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అమ్మా, హమ్మయ్య! ఎక్కండి అందరూ" అన్నాడు కొడుకు, పెళ్ళాం మోచెయ్యి పట్టుకుంటూ.

"దాని చెయ్యి వదులు" అంది అత్తగారు. నిలువెత్తు తల్లి మాటకి అతను ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాదు. వదిలేశాడు. ఆవిడ ముందు తలుపు తెరిచి, కోడలు కూర్చోవాల్సిన సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది. పిల్లలు మోకాళ్ళ మీద లేచి కిటికీ అద్దంలోంచి తల్లిని చూస్తున్నారు.

కోడలు కిటికీ దగ్గరికి వచ్చింది. ఏదో అనాలి. క్షమించమనడానికి నోరు రాలేదు, అనాలన్న మనసూ పూర్తిగా రాలేదు.

"ఎనిమిదేళ్ళు" అంది అత్తగారు, ముందుకే చూస్తూ. "రోజూ నా చేతి కూడు తింటూ, ఎనిమిదేళ్ళు ఆ మాట నాకు దక్కకుండా చేశావు. చచ్చేదాకా నిన్ను క్షమించను."

"సరే అత్తయ్యా."

"పిల్లలకి మంచాలు సర్ది ఉంచు" అని, కొడుకు వైపు తిరిగి, "తియ్యరా కారు" అంది.