కారుకు కాపలా

ఈ చిన్న దీవిలో, అలోఫీ రేవులో పెద్ద పడవ ఒడ్డుకు రాదు. దాన్ని నీళ్ళలోనే, అడుగున బిగించిన గొలుసుకు కట్టేసి, చిన్న పడవలో గట్టు దాకా వచ్చి, ఆ చిన్న పడవను క్రేనుతో పైకి లేపుకోవాలి. మా ఆయన ఫెర్గస్ ఆ పనిలో ఉండగా నేను అద్దె కారులో సామాను సర్దాను. నీళ్ళ సీసాలు దొర్లకుండా చుట్టూ తువ్వాళ్ళు కుక్కాను. ఏళ్ళ తరబడి పడవలో కాపురం చేసినదాని చేతులు ఊరుకోవు మరి.

అది ఉత్త షికారు కాదు. మా బ్రయనీకి తొమ్మిదేళ్ళు. న్యూజిలాండ్ చేరాక నెల్సన్‌లో మా అక్క ఇంటి పక్కనే దిగిపోయి, దాన్ని బళ్ళో వెయ్యాలని నా పట్టు. ఇండోనేషియా దాకా పోవాల్సిందేనని ఆయన పట్టు. ఆ తగువు ఎంతకీ తెగక, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక రోజంతా పిల్లను నేల మీద తిప్పి, వెనక్కి వచ్చాక దాన్నే అడగాలి. అది ఏమంటే అదే. ఈలోగా ఎవరూ దాని చెవిలో ఊదకూడదు.

ఒప్పందం మొదటి మలుపు దాకా నిలిచింది.

"చూశావా బ్రయనీ, రోడ్డంటే ఎన్ని గుంతలో! సముద్రంలో ఒక్కటైనా ఉంటుందా?" అన్నాడు ఫెర్గస్.

"అలలో? అవేమన్నా పూలపాన్పా?" అన్నాను.

బ్రయనీకి మా గోల పట్టలేదు. ఎదురొచ్చే ప్రతి బండిలోంచీ ఎవరో ఒకరు చెయ్యి ఊపుతున్నారు.

"వీళ్ళకి మనం తెలుసా?"

"తెలీదు," అన్నాడు ఫెర్గస్, తనూ చెయ్యి ఊపుతూ.

"మరెందుకు ఊపుతున్నారు?"

"ఎదురొచ్చాం కదా, అందుకు."

అది కిటికీలోంచి సగం బయటికి వాలి, కోళ్ళకు కూడా ఊపడం మొదలుపెట్టింది. ఇళ్ళ ముందు తెల్లటి సమాధులు కనిపిస్తే, "చచ్చిపోయాక కూడా వీళ్ళు ఇంటి దగ్గరే ఉంటారా? ఎక్కడికీ వెళ్ళరా?" అని అడిగింది. ఒప్పందం గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను గానీ, లోపల పండగే.

నా పండగ అడవి దాకానే. చెట్లు రెండు వైపులా మూసుకుపోయి సముద్రం కనుమరుగయ్యేసరికి, తుఫానులో కూడా బిస్కెట్లు నములుతూ కూర్చునే పిల్ల, కారు ఆపించి వాంతి చేసుకుంది. ఫెర్గస్ మొహం వెలిగిపోయింది.

"కూతురు కక్కుకుంటుంటే మతాబాలా ఆ వెలుగేమిటి?" అని కసిరాను.

తూర్పు ఒడ్డున హకుపు ఊళ్ళో ఒక ఇంటి ముందు ఆపాం. వాకిట్లో కొబ్బరి కోరుతున్న పెద్దావిడ నీళ్ళ చెంబుతో లేచి వచ్చింది. పేరు లిగి అట.

"పుక్కిలించుకో తల్లీ. బండెక్కిస్తే మా మనవలకీ ఇంతే. మా ఇంటి వెనకాల గుహ ఉంది, లోపల నీళ్ళు చల్లగా ఉంటాయి. చూద్దువు రా."

బ్రయనీ కదల్లేదు. కారు పక్కన నిలబడి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టునూ దాని వెనక చర్చి గోపురాన్నీ కలిపి చూస్తోంది.

"ఏం చేస్తోంది పిల్ల?" అంది లిగి.

"కారు కొట్టుకుపోతోందేమోనని చూస్తోంది," అన్నాడు ఫెర్గస్. లంగరు వేశాక అలా రెండు గుర్తులు కలిపి చూసుకోవడం పడవవాళ్ళ అలవాటు. గుర్తులు విడిపోతే పడవ జారుతున్నట్టే.

లిగి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎక్కడికి పోతుందే అది? మా ఆయన బండి చూడు, చక్రాల మీద తీగలు పాకినా ఆ మూల నుంచి కదల్లేదు!"

బ్రయనీ నవ్వలేదు. "అయితే దీనికి ఎవరూ కాపలా ఉండక్కర్లేదా?"

"ఎందుకూ?"

"అమ్మా నాన్నా ఇద్దరూ రావచ్చా? ఒకేసారి?"

లిగి మా ఇద్దరి వంకా చూసింది. "ఏం, వీళ్ళు కలిసి రారా ఎప్పుడూ?"

"రారు. నాన్న మెలకువగా ఉంటే అమ్మ పడుకుంటుంది. అమ్మ లేచాక నాన్న పడుకుంటాడు. రేవులో ఆగినా ఒకళ్ళు పడవలోనే ఉంటారు. ఇవాళ మాత్రం పొద్దున్నించీ ఇద్దరూ మెలకువగానే ఉన్నారు. పోట్లాడుకుంటూనే ఉన్నారు. భలే ఉంది ఆంటీ!"

బడి, సముద్రం అంటూ మేం జుట్లు పట్టుకుంటుంటే, పిల్ల చూస్తున్నది మమ్మల్ని. సిగ్గేసింది. ఫెర్గస్ కారు తాళం జేబులో వేసుకుని ముందు నడిచాడు.

గుహలో బ్రయనీ ప్రతి రాయినీ తడిమింది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయా అని నాకి చూసింది. లేవట. సముద్రం పక్కనే ఉండి ఉప్పగా ఎందుకు లేవని లిగి ప్రాణం తోడేసింది. ఫెర్గస్ నాచు మీద జారితే చెయ్యి పట్టుకున్నాను. పైకి వచ్చేదాకా వదల్లేదు.

పైన ఒక్క ఆకు కదలడం లేదు. తూర్పుగాలి ఆగిపోయింది.

"పడమటికి తిరిగేట్టుంది," అంది లిగి. ఆ మాట మాకు చెప్పక్కర్లేదు. అలోఫీ ఉన్నది పడమటి ఒడ్డునే; ఆ గాలికి అక్కడ అడ్డేమీ లేదు, పడవ వెనకంతా రాతి ఒడ్డే. తిరిగేలోగా పడవ విప్పుకుని పోవాలి. బొప్పాయి, చేమదుంప పొరలు కొబ్బరిపాలలో ఉడికించిన టాకిహీని ఆకులో చుట్టి లిగి బ్రయనీ ఒళ్ళో పెట్టింది. అంత తొందరలోనూ ఫెర్గస్ ఎదురొచ్చిన ప్రతి బండికీ చెయ్యి ఊపాడు.

గట్టు మీద క్రేను మా చిన్న పడవను దించుతోంది. కింద నీళ్ళు అప్పుడే ఎగసిపడుతున్నాయి.

"ఇప్పుడే అడుగుదాం," అన్నాడు ఫెర్గస్. మోకాళ్ళ మీద కూర్చుని తనే అడిగాడు. "నెల్సన్‌లో ఇల్లా, ఇంకా ముందుకా?"

"బడంటే ఎలా ఉంటుందో నాకు తెలీదు కదా," అంది బ్రయనీ. కాసేపు ఆలోచించింది. "ఇంటికి కాపలా ఉండాలా నాన్నా?"

నేను చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయన చేతిలో తాడు ముడి వేస్తూ విప్పుతూ ఉండిపోయాడు.

"అక్కర్లేదమ్మా," అన్నాడు చివరికి. "తలుపు వేసేసి ముగ్గురం పడుకోవచ్చు."

"అయితే ఇల్లే."

గెలిచింది నేనే. సంతోషం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ మాట ఆయన నోట వినేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పొద్దు వాలకముందే అలోఫీ దాటేశాం. రాత్రి కాపలాలో మొదటి వంతు నాది.

"వెళ్ళి పడుకో, నీ వంతుకి లేపుతా," అన్నాను.

"పడుకుంటాలే," అన్నాడు గానీ లేవలేదు. బ్రయనీ మా మధ్య కూర్చుని వేళ్ళు నాకుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"మాట్లాడుకోండి, నేను వింటాను," అంది.

ఫెర్గస్ నా వైపు తిరిగాడు.

"మీ అక్క పక్కిల్లు... కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా?"

నాకు నిజంగానే తెలియదు. ఇంతకాలం పట్టుబట్టినదాన్ని, ఆ సంగతి ఒక్కసారైనా కనుక్కోలేదు.