కల్పన చూపించిన మ్యాపు

కల్పన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగి. కూతురు మేధ కాలేజీలో చేరగానే, పిల్ల ఎక్కడుందో తెలిపే యాప్ ఒకటి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించింది.

ఒక ఆదివారం మేధ విద్యార్థుల ధర్నాకు వెళ్లింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరు పోలీసులు ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉన్న వాళ్ల ఫ్లాటుకి వచ్చారు.

"మామూలు ఎంక్వైరీయే మేడమ్. నిన్న మీ అమ్మాయి ఎక్కడుంది?" అని మర్యాదగానే అడిగారు.

పిల్ల తప్పేం చేయలేదు కదా అనుకుని కల్పన తనే ఫోన్ తీసి చూపించింది. మేధ మూడు గంటలు ధర్నా దగ్గరే ఉన్నట్టు మ్యాపులో ఉంది. వాళ్లు దాన్ని ఫొటో తీసుకుని మేధను స్టేషన్‌కి తీసుకెళ్లారు.

సాయంత్రం వదిలేశారు గానీ ధర్నాలో ఉన్నందుకు కేసు పెట్టారు. ఆటోలో వస్తూ మేధ అడిగింది.

"వేరే సాక్ష్యమేదీ లేదన్నాడు వకీలు. ఎందుకు చూపించావమ్మా?"

"నేనూ ఇరవై ఏళ్లుగా సర్కారు మనిషినే కదే. నమ్మాను," అంది కల్పన.

మేధ తన ఫోన్లో ఆ యాప్ తీసేసి, వారం తిరక్కుండా ఎవరో స్నేహితురాలి గదికి మారిపోయింది. కల్పన అడ్రసు అడిగితే నెమ్మదిగా చెప్పింది.

"నీకు తెలియకపోవడమే మంచిదమ్మా. ఎవరైనా వచ్చి అడిగితే నువ్వు అబద్ధం చెప్పలేవు."