తిట్టని సీనియర్

ముప్ఫై ఏడేళ్ల వయసులో కొత్త నర్సుగా చేరిన రోజు, నాకు పని నేర్పబోయే సీనియర్‌ని చూసి నాకు నవ్వొచ్చింది, ఆమెకేమో ఏడుపొచ్చినంత పనైంది. ఆమె పేరు నో హారిమ్. పదేళ్ల క్రితం మాసాన్ అనే మా ఊళ్లో నేను లెక్కల ట్యూషన్ చెప్పేటప్పుడు, సమీకరణం కనబడితే చాలు బిక్కచచ్చిపోయే పిల్ల. ఇప్పుడు ఎముకల వార్డులో ఐదేళ్ల అనుభవమున్న నర్సు. హెడ్ నర్సు పాంగ్ గారు మమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టారు. జూనియర్‌ని కాబట్టి ముందు నేనే వంగి నమస్కారం చేయాలి. నేను వంగేలోపే హారిమ్ నడుం విరిగేలా వంగింది. చుట్టూ ఉన్న నర్సులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"జోంగ్‌రాన్ టీచర్, దయచేసి నాకు వంగకండి, నేను తట్టుకోలేను" అని నా చెవిలో గొణిగింది.

ట్యూషన్ సెంటర్ ఎందుకు మూతబడిందంటే, మా ఊళ్లో పిల్లలు పుట్టడమే మానేశారు. ముసలివాళ్లకు మాత్రం కొదవ లేదు. అందుకని నర్సింగ్ వైపు తిరిగాను. చేతిలో వేరే డిగ్రీ ఉన్నవాళ్లను మా నర్సింగ్ కాలేజీలవాళ్లు నేరుగా మూడో సంవత్సరంలో కూర్చోబెట్టి, నాలుగేళ్ల చదువును రెండేళ్లలో కూరుతారు. కూరడమంటే కూరడమే, మూత పడకపోయినా మోకాలితో నొక్కి మరీ. పొద్దున ఆసుపత్రిలో ప్రాక్టికల్స్, సాయంత్రం క్లాసులు, మధ్యలో బస్సులో నిలబడే నిద్ర. మందుల పేర్లు బాత్రూం తలుపుకి అంటించుకుని పళ్లు తోముకుంటూ బట్టీపట్టాను. తోటి పిల్లలు "పెద్దక్కా, మోకాళ్లకు పట్టీ వేయమంటావా, మాకూ ప్రాక్టీసు అవుతుంది" అని వేళాకోళమాడేవారు. నాతోపాటు చేరిన బ్యాంకు ఉద్యోగి మొదటి చలికాలంలోనే చేతులెత్తేశాడు. నేను జిడ్డులా పట్టుకుని వేలాడాను. నర్సు పరీక్ష పాసైన రోజు బియ్యం కడుగుతూ సింకు దగ్గరే కూలబడి ఏడ్చాను.

నా వయసు చూసి పెద్దాసుపత్రులన్నీ తలుపులు మూసుకున్నాయి. ఒక్క ఈ ఆసుపత్రే మూడు నెలలు చూస్తామంది. ఆ మూడు నెలల చివర పాంగ్ గారు సరేనంటే ఉంటాను, లేదంటే ఇంత పెద్ద వార్డు నాకు మళ్లీ దొరకదు. ఈ సంగతి నాకు తెలుసు, హారిమ్‌కీ తెలుసు.

కొత్త నర్సుల్ని పాతవాళ్లు తిట్టి తిట్టి దారిలో పెట్టడాన్ని మా ఆసుపత్రుల్లో కాల్చడం అంటారు. బూడిదయ్యేదాకా కాలుస్తారని పేరు. నాతోపాటు చేరిన డోహీ అనే ఇరవై మూడేళ్ల పిల్లను వాళ్ల సీనియర్ రోజూ కాల్చింది. సెలైన్ చుక్కలు తప్పు లెక్కపెట్టిందని ఒకసారి, రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్లి తెచ్చాక మూత్రపు గొట్టం క్లిప్పు తీయలేదని ఒకసారి. "ఆ గొట్టం నీకు పెట్టి బిగిస్తే తెలుస్తుంది" అని వార్డంతా వినేలా అరిచింది. డోహీ బట్టల గదిలో కూర్చుని ముక్కు చీదుకుంటుంటే నేనే కాఫీ తెచ్చిచ్చాను.

నన్ను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. హారిమ్ నాకు పని చెప్పాల్సి వస్తే ముందు గొంతు సవరించుకునేది. "టీచర్, వీలైతే, మీకు ఇబ్బంది కాకపోతే, బీపీ ఒకసారి చూస్తారా?" అనేది. రోగి బీపీకి నా వీలుతో ఏం పని? నేను ఇంజెక్షన్ ట్రే సర్దితే నా వెనకే వచ్చి నిలబడేది, నేను అటు తిరగగానే ఏదో కదిపేది. రోగి దగ్గర్నుంచి నేను వచ్చేస్తే తను ఒక్క నిమిషం ఆగి వచ్చేది. ఎంత జాగ్రత్త గల పిల్ల అనుకున్నాను. ట్యూషన్‌లో పెన్సిలు చెక్కుకోవడం కూడా మరచిపోయే పిల్లను ఇంత చేశానే అని లోలోపల కాస్త ఉబ్బిపోయాను కూడా.

"మీకేం, మీ సీనియర్ మీకు దణ్ణం పెడుతుంది" అని డోహీ ఒకసారి మూతి తిప్పింది. వయసుకు దక్కే మర్యాద అదేనమ్మా, నువ్వూ ఎదుగు అన్నాను. అప్పుడు భలే జవాబిచ్చాననుకున్నాను.

రెండు నెలలు దాటాక నన్ను ఒంటరిగా డ్యూటీలో వేశారు. నాకు అప్పగించిన గదుల్లో తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన ఓక్ తాతగారు ఉండేవారు. ఆపరేషన్ తర్వాత ఆయనకు కాస్త మతి తప్పింది, ఏది అడిగినా సముద్రంలో వలల సంగతే చెప్పేవారు. ఆ రోజు భోజనాలయ్యాక ఆయన్ను ఎక్స్‌రేకి తీసుకెళ్లాం. మంచం మార్చేటప్పుడు మూత్రపు సంచిని పైకెత్తాలి, ఎత్తితే మూత్రం వెనక్కి పోకుండా గొట్టానికి క్లిప్పు బిగించాలి. బిగించాను. తిరిగొచ్చాక దాన్ని తీయాలి. తీయలేదు.

మధ్యాహ్నమంతా ఆయన మూలుగుతూనే ఉన్నారు. దుప్పటి లాగేస్తున్నారు, మంచం కడ్డీని గుద్దుతున్నారు. ఆయన మాటలెప్పుడూ అంతే కదా అని కూతురంది. నేనూ నొప్పి అనుకుని డాక్టరు రాసిన నొప్పి మందు ఇచ్చాను. డ్యూటీ అప్పగించే వేళకు వచ్చిన నర్సు దుప్పటి ఎత్తి, సంచి ఖాళీగా ఉండటం చూసింది. ఆయన పొత్తికడుపు బిర్రబిగిసి ఉంది. క్లిప్పు తీయగానే ముందు మూత్రం వచ్చింది, ఆ తర్వాత రక్తం. పాపం, ఆ ముసలాయన అన్ని గంటలూ చెబుతూనే ఉన్నారు, అర్థం చేసుకునే నాథుడే లేకపోయాడు.

తాతగారు కోలుకున్నారు. కానీ ఆ రోజు ఆయన కూతురు నడవాలో నేల మీద చతికిలబడి చేసిన గొడవ ఆసుపత్రి పెద్దల దాకా వెళ్లింది.

మర్నాడు పొద్దున పాంగ్ గారు నన్నూ హారిమ్‌నూ తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. హారిమ్ వైపు తిరిగి, సూటిగా ఒకటే అడిగారు. "ఈవిడకు క్లిప్పు సంగతి నేర్పావా, లేదా? నేర్పలేదంటే తప్పు నీది. ఈవిడను ఇంకొకరి కింద మొదటినుంచి పెడతాను. నేర్పినా చేయలేదంటే, నా రోగుల్ని ఈవిడ చేతుల్లో పెట్టలేను."

హారిమ్ తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నేర్పలేదండీ. ఆవిడ మరచిపోయిన ప్రతిసారీ నేనే వెనకాల వెళ్లి తీశాను. ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు చదువు చెప్పిన మనిషికి చెప్పడానికి నోరు రాలేదు."

హారిమ్ ఆ ఒక్క నిమిషం ఆగి రావడం దేనికో అప్పుడు తెలిసింది. ప్రతిసారీ! అంటే నేనెప్పుడూ తీయనే లేదన్నమాట. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, చేతికి మాత్రం అలవాటు కాలేదు. డోహీకి ఒక్క తిట్టుతో వచ్చిన పని నాకు రెండు నెలల మర్యాదతో రాలేదు.

నేను నోరు మూసుకుని ఉంటే చాలు. ఇంకో సీనియర్, ఇంకొన్ని వారాలు, వార్డులో నా చోటు నాకు. హారిమ్‌కి ఒక మచ్చ పడుతుంది, కొత్తవాళ్లను కొన్నాళ్లు తనకు అప్పగించరు, అంతే. కానీ ఆ పిల్ల చేతులు ముందు కట్టుకుని, మెడ వంచుకుని నిలబడిన తీరు ఉందే, మార్కులు తగ్గినప్పుడు వాళ్ల నాన్న ముందు సరిగ్గా అలాగే నిలబడేది. అప్పుడు కూడా నేనే మధ్యలోకి వెళ్లేదాన్ని. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ వయసులో మళ్లీ మొదటినుంచి, ఇంకో చిన్నపిల్ల కింద, డోహీ చూస్తుండగా నేర్చుకోవాలంటే నాకు తల కొట్టేసినట్టనిపించింది. ఇందులో జాలి ఎంతో, పరువు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

"మొహమాటంతో అలా అంటోంది. నేర్పింది, రెండు మూడుసార్లు గుర్తు కూడా చేసింది. నేనే మరచిపోయాను" అన్నాను.

హారిమ్ దిగ్గున తలెత్తి కాదంది. పాంగ్ గారు చేత్తో వారించారు. మా ఇద్దరిలో పెద్దదాన్ని నేను, అందుకని నా మాటే నమ్మారు. పెద్దవారు కాబట్టి దాచకుండా ఒప్పుకున్నారు అని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పుతోనే నా ఉద్యోగం పోయింది.

లాకర్ ఖాళీ చేసి, సంచి భుజానికి తగిలించుకుని వెనక గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. హారిమ్ యూనిఫాం మీద కోటు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఎముకలు కొరికే చలి. ఏడుస్తూ క్షమాపణ చెబుతుందనుకుని, ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె కళ్లలో కోపం తప్ప ఇంకేమీ లేదు.

"ఎందుకు అబద్ధమాడారు? ఐదేళ్లలో మొదటిసారి నా తప్పు నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి రాత్రంతా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మీరు ఒక్క మాటతో దాన్ని తుడిచేశారు. తాతగారిని ఆ స్థితికి తెచ్చింది మీరొక్కరే కాదు, నేను కూడా. మీరు నన్ను కాపాడలేదు టీచర్, చిన్నపిల్లను చేశారు."

"హారిమ్‌, అది కాదే..."

"నేను మీ సీనియర్‌ని. రెండు నెలలు నాకు ధైర్యం చాలలేదు, నిజమే. ఇవాళ చాలింది. ఇవాళైనా నన్ను సీనియర్‌గా ఉండనివ్వాల్సింది."

నా రెండేళ్ల చదువులో, వార్డులో గడిపిన రోజుల్లో నన్ను ఎవరైనా నిజంగా తిట్టింది అప్పుడే. ఎంత బాగా తిట్టిందో. ఆ గొంతులో వణుకు లేదు, 'వీలైతే' లేదు, 'ఇబ్బంది కాకపోతే' లేదు. ఆ గొంతు మొదటి వారంలోనే విని ఉంటే ఓక్ తాతగారు ఆ మధ్యాహ్నం అంత నరకం పడేవారు కాదు, నేనూ ఆ గేటు బయట ఉండేదాన్ని కాదు. అయినా తను తిట్టాలని నేనెప్పుడు అడిగాను? తను నడుం వంచితే హాయిగా నిలబడి అందుకున్నాను.

ఆ క్షణంలో నేను చేయాల్సింది ఒకటే. సంచి కింద పెట్టి, జూనియర్ వంగాల్సినట్టు వంగి, తప్పయింది సీనియర్ అనాలి. లోపలికి వెళ్దాం, పాంగ్ గారికి నిజం చెబుదాం, నాకు మొదటినుంచి నేర్పించండి అనాలి. అప్పటికింకా బస్సు కూడా రాలేదు.

ఆమె పెదవులు చలికి నీలంగా మారడం చూశాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"కోటు లేకుండా వచ్చావేమే, జ్వరమొస్తుంది. ముందు లోపలికి నడు."

హారిమ్ చేతులు ముందు కట్టుకుని, తల వంచి, "సరే టీచర్" అని లోపలికి వెళ్లిపోయింది.