రాతి అచ్చు

తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ వైపు నడిచే ఆడవాళ్ళలో, ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు నడిచే మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ పేరు అరుంధతి. అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. పుట్టింది రాజమండ్రి దగ్గర. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చి, భర్త శ్రీనివాసరావు రైల్వే ఆఫీసుకు పోతుంటే తాను యూనివర్సిటీలో చదువుకుని టీచరయింది. శనివారం బడి ఒంటిపూటే. ఆ మధ్యాహ్నం తిండి మానేసినా మానేసేది గాని, జువాలజీ డిపార్టుమెంటుకు వెళ్ళడం మాత్రం మానేది కాదు.

ఆమెకు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ అచ్యుతరామయ్యగారు ఇంకా అక్కడే ఉన్నారు. బయటివాళ్ళకు లైబ్రరీ పుస్తకం ఇవ్వరు కాబట్టి, ఆయనే తన పేరు మీద తెప్పించి, తన గదిలో ఒక మూల కూర్చుని చదువుకోమనేవారు. మనిషి పుట్టకముందు ఈ భూమి మీద ఏమేం తిరిగాయో చెప్పే పుస్తకాలవి. అన్నీ ఇంగ్లీషువి, రంగురంగుల బొమ్మలతో బరువుగా ఉండేవి. తాటిచెట్టంత మెడ ఉన్న బల్లులు, గద్దంత తూనీగలు, ఒంటినిండా బొచ్చున్న ఏనుగులు. చదివినంతసేపూ అరుంధతికి ఒళ్ళు తెలిసేది కాదు. మూసి బయటికి రాగానే కోపం వచ్చేది. ఇంత గొప్ప సంగతిని తన పిల్లల చేతిలో పెట్టడానికి తెలుగులో ఆమెకు ఒక్క పుస్తకం దొరకలేదు.

అందుకని చదివినదాన్ని సోమవారం ఏడో తరగతిలో నోటితోనే చెప్పేది. ఆ క్లాసులో చాలామంది లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పిల్లలు. ఒకరోజు చచ్చిన జంతువు రాయిగా ఎలా మారుతుందో ఎన్ని రకాలుగా చెప్పినా ఎవరి మొహంలోనూ వెలుగు కనబడలేదు. చివరికి విసుగొచ్చి సుద్దముక్క బల్ల మీద పడేసింది.

"వాన వెలిశాక బురదలో కాకి నడిస్తే ఏమవుతుందే?"

"కాలి గుర్తులు పడ్తయి టీచర్."

"ఆ బురద ఎండిపోయి, దాని మీద ఇంకో బురద పడి, అట్లా లక్షల ఏళ్ళు గడిస్తే?"

రెండో బెంచీలోంచి లింగమ్మ లేచింది. దాని తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఇనుము పోతపోసే చోట పనిచేస్తాడు.

"మా నాయిన కార్ఖానల ఇసుకల అచ్చు తీసి ఇనుము పోస్తడు టీచర్. ఇనుము బదులు మట్టి నిండి, గది రాయైతది. అంటే రాతి అచ్చు అన్నట్టు. గంతే గదా?"

"అంతే!" అంది అరుంధతి. అంతకంటే బాగా తాను కూడా చెప్పలేనని ఆమెకు తెలుసు. క్లాసంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. మర్నాడు సగం మంది పిల్లలు మౌలాలి గుట్ట దగ్గరి రాళ్ళు ఏరుకొచ్చి టేబుల్ మీద పోశారు. ఈ ఊరి రాళ్ళు జంతువులు పుట్టడానికి చాలా ముందటివి, వీటిలో అచ్చులు ఉండవని చెబితే, "అయితే యాడ దొరుకుతయి?" అని ప్రాణం తీశారు. ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరి ఒడ్డున పెద్దపెద్ద జంతువుల ఎముకలు దొరికాయని చెప్పింది. మన దగ్గరేనా అని వాళ్ళు నోళ్ళు తెరిచారు.

ఈ సంగతి విని అచ్యుతరామయ్యగారు సంబరపడ్డారు. "కొత్త పాఠ్యపుస్తకం తయారవుతోందమ్మా. తొమ్మిదో తరగతి జీవశాస్త్రం. కమిటీలో నేనూ ఉన్నాను. ప్రాచీన జీవుల పాఠం నువ్వు రాయి. పిల్లలకు చెప్పినట్టే రాయి" అన్నారు.

అరవై ఎనిమిది ఎండాకాలమంతా అరుంధతి ఆ పాఠం రాసింది. వంటింట్లో పప్పు మాడినా లేవలేదు. రాసిన పేజీ లింగమ్మను పిలిచి చదివించేది. చదువుతూ ఆ పిల్ల ఎక్కడ తడబడితే అక్కడ కొట్టేసి మళ్ళీ రాసేది. బురదలో కాకితో మొదలుపెట్టింది. పోత కార్ఖానా పెట్టింది. గోదావరి ఎముకలు పెట్టింది. మంచి కాగితాల మీద ఎత్తిరాసి కమిటీకి ఇచ్చినరోజు ఆమెకు నేల మీద కాలు నిలవలేదు.

వానలు మొదలయ్యాక కమిటీ వాళ్ళు మాట్లాడదామని పిలిచారు. క్యాంపస్‌లో ఒక పొడుగాటి గది. వెంకటనర్సయ్యగారు తెలుగు పండితులు, కమిటీకి పెద్ద. కొండలరావుగారు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవారు. వాళ్ళ పక్కన అచ్యుతరామయ్యగారు. ముందు టీ, బిస్కట్లు.

"అమ్మా, మొదలే 'కాకి నడిచింది' అని రాసినవు. ఇది శాస్త్రమా, పిల్లల కథనా?" అన్నారు వెంకటనర్సయ్యగారు.

"శాస్త్రమేనండి. శిలాజం తయారయ్యేది అలాగే కదండీ."

"అదే శిలాజం అంటే అయిపాయె గద. రాతి అచ్చు ఏంది?"

"ఆ మాటా రాశానండి. ముందు సంగతి అర్థమయ్యాక పేరు చెబుదామని..."

"మల్ల ఈ కార్ఖానా? ఉర్దూ పదం. కర్మాగారం అనాలె."

"మా పిల్లల నాన్నలు పొద్దున లేచి కార్ఖానాకే పోతారండి. కర్మాగారానికి పోతున్నానని చెప్పి ఎవరూ బయల్దేరరు."

కొండలరావుగారు నవ్వారు. నవ్వు ఆపి, "ఈ పుస్తకం మీ లాలాగూడకొక్కదానికే కాదమ్మా. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా వెళ్ళాలి. అక్కడి కుర్రాడికి మీ ఇనప పోత ఏం తెలుస్తుంది? ఈ పిల్లలే రేపు కాలేజీకి వెళ్ళి రాతి అచ్చు అంటే లెక్చరర్లు నవ్వరా?" అన్నారు.

అందులో కొంత నిజం ఉందని అరుంధతికీ అనిపించింది. అందుకే మరింత ఒళ్ళు మండింది. "శ్రీకాకుళం కుర్రాడు కాకిని చూసే ఉంటాడు కదండీ" అంది. గొంతు కొంచెం పైకి లేచింది.

ఆమె అచ్యుతరామయ్యగారి వైపు చూసింది. పిల్లలకు చెప్పినట్టే రాయమన్న మనిషి ఆయనే. ఆయన బిస్కట్ టీలో ముంచి, అది విరిగి కప్పులో పడితే, చెంచాతో తియ్యడంలో మునిగిపోయి ఉన్నారు.

"కొంచెం సవరిస్తం, అంతే. నీ శ్రమ ఏం పోదు" అని వెంకటనర్సయ్యగారు కాగితాలు సర్దారు.

ఆ మరుసటి ఏడు తెలంగాణ ఉద్యమం లేచింది. నెలల తరబడి బళ్ళు మూతపడ్డాయి. అచ్చుకు పోయిన పుస్తకం ఎక్కడిదక్కడే ఆగింది. ఆంధ్రా మనిషైన టీచరమ్మ బయటికి రావడానికి జంకుతోందని తెలిసి లింగమ్మ తల్లి రాములమ్మ కూరగాయలు తెచ్చిపెట్టేది. "మీరు తలుపేసుకొని ఇంట్లనే ఉండుండ్రి, జర సద్దుమణగనీ" అనేది. బళ్ళు మళ్ళీ తెరిచాక, లింగమ్మ వాళ్ళు తొమ్మిదో తరగతికి వచ్చాక, పుస్తకం వచ్చింది.

క్లాసులో ముందు పెద్ద గోల. మొదటి పేజీలో రచయితల పేర్లున్న చోట పిల్లలు వేళ్ళు పెట్టి, "టీచర్, మీ పేరు! మీ పేరున్నది!" అని అరిచారు. అరుంధతి సిగ్గుపడుతూనే పాఠం తియ్యమంది. లింగమ్మ అందరికంటే ముందు లేచి చదివింది.

"భూపటల స్తరములయందు... నిక్షిప్తములై... శిలీ... శిలీభూతములైన పురాజీవుల అవశేషములు శిలాజములనబడును."

ఆగిపోయింది. పేజీ తిప్పింది. కాకి కోసం వెతికింది. కాకి లేదు, బురద లేదు, కార్ఖానా లేదు. గోదావరి ఎముకలున్న చోట ఏదో విదేశీ లోయ పేరుంది.

"టీచర్, వేరే పుస్తకం వచ్చినట్టున్నది" అంది లింగమ్మ.

"కాదు, అదే" అంది అరుంధతి. చెవుల దాకా వేడెక్కింది. కాగితం మీద తన పేరు చూసుకుంటే, తాను చెయ్యని తప్పుకు వీధిలో నిలబెట్టినట్టుంది.

బడి విడిచాక హెడ్‌మిస్ట్రెస్ విశాలాక్షిగారి దగ్గరికి పోతే, "పుస్తకంలో ఉన్నది చెప్పండి అరుంధతీ. కామన్ పరీక్షలు మనం పెట్టేవి కావు. మన పేపర్లు ఇంకో బడివాళ్ళు దిద్దుతారు" అని చేతులు దులిపేసుకున్నారు. ఇంట్లో శ్రీనివాసరావు పుస్తకం అటూ ఇటూ తిప్పి, "పేరు పడింది కదే, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆమె ఆ పూట అన్నం తినలేదు.

శనివారం అచ్యుతరామయ్యగారి గదిలోకి పోయి కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"మీరు ఆరోజు ఒక్క మాట అని ఉంటే ఇలా అయ్యేది కాదండీ."

"అని ఉంటే పాఠమే తీసేసేవారమ్మా. కోతి నుంచి మనిషి వచ్చాడన్న భాగం వద్దని అప్పటికే వాళ్ళు పట్టుబట్టారు. నేను నోరు మూసుకున్నాను కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది."

"ఏం మిగిలిందండీ? పిల్లలు చదవలేనిది మిగిలింది. దానికి నా పేరు."

"మళ్ళీ అచ్చు వేసినప్పుడు చూద్దాం."

"అప్పటికి ఈ పిల్లలకు పెళ్ళిళ్ళయిపోతాయి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మూలనున్న ఆమె కుర్చీ మీద కొత్తగా వచ్చిన బొమ్మల పుస్తకం ఉంది, ఆమె కోసం తెప్పించిందే. దాన్ని ముట్టుకోకుండా బయటికి వచ్చేసింది.

ఇక ఆమెకు మిగిలిన దారి ఒకటే. అసలు పాఠం నోటితో చెప్పి, తరవాత అచ్చులో ఉన్నది కంఠతా పట్టించింది. అర్థమైన పిల్లలు బట్టీ పట్టలేకపోయారు, బట్టీ పట్టినవాళ్ళకు అర్థం కాలేదు. అర్ధ సంవత్సరం పరీక్షలో శిలాజమంటే ఏమిటో రాయమన్నారు. లింగమ్మ నిండుగా ఒక పేజీ రాసింది. కాకి, బురద, ఇసుక అచ్చు, అన్నీ. ఆ పేజీ మొత్తం మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన సున్నా వచ్చింది. జీవశాస్త్రంలో లింగమ్మ తప్పింది.

ఆ పేపర్లు మల్కాజ్‌గిరి మగపిల్లల బడిలో దిద్దారని తెలుసుకుని, అరుంధతి సెలవు పెట్టి ఆ పేపరు పట్టుకుని పోయింది. దిద్దినాయన రాజలింగు అనే సైన్సు టీచరు. పోట్లాడటానికి దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. ఆయన పేపరు చూడగానే గుర్తుపట్టాడు.

"గీ పిల్లదా? చదివి మా ఇంట్ల కూడ చెప్పిన మేడం. మస్తు రాసింది."

"మరి సున్నా ఎందుకు వేశారండీ?"

"పైనుంచి వచ్చిన జవాబుల కీ ల లేదు గద. 'భూపటల స్తరములయందు' అని ఉంటేనే మార్కు. లేకుంటే పైనుంచి నాకు మెమో వస్తది." గొంతు తగ్గించి, "నిజం చెప్పాల్నంటే ఆ పాఠం నాకే సమజ్ కాలె. ఎవరు రాసిండ్రో గని..." అన్నాడు.

"నేనే రాశాను."

ఆయన నిలువునా లేచాడు. "మీరా? ఇన్ని దినాలు మిమ్మల్నేనా నేను తిట్టుకున్నది!"

కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన మధ్యలో నవ్వాడు, మధ్యలో తల పట్టుకున్నాడు. మార్కులు మాత్రం దిద్దలేనన్నాడు. రిజిస్టర్లు పంపేశారట. బెల్లు కొట్టారు.

"ఈ పీరియడు నాదే మేడం. మా పోరగాండ్లకు జర మీ పాఠం చెప్పుండ్రి. వాళ్ళకన్న తెలుస్తది."

వద్దనబోయి క్లాసులోకి నడిచింది. బురదలో కాకి దగ్గర మొదలుపెట్టింది. వెనక బెంచీల పిల్లలు ముందుకు జరిగారు. గోదావరి ఎముకల దగ్గరికి వచ్చేసరికి రాజలింగు కూడా గుమ్మంలో నిలబడి పిల్లాడిలాగే వింటున్నాడు. ఎన్నో నెలల తరవాత ఆమెకు ఆయాసం తీరినట్టనిపించింది.

అయిపోయాక ఒక పిల్లవాడు లేచాడు. "మేడం, పరీక్షల గిట్లనే రాస్తే మార్కులేస్తరా?"

ఆమె రాజలింగు వైపు చూసింది. ఆయన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"వెయ్యరు బాబూ. పుస్తకంలో ఉన్నదే రాయి."

"మరి గిదంతా ఎందుకు చెప్పిండ్రు?"

"తెలుసుకోడానికి" అంది. ఆ మాట ఆమెకే పేలవంగా వినిపించింది.

తిరుగు బస్సులో కూర్చోడానికి చోటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, మార్కులు మారలేదని లింగమ్మకు ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించింది. మర్నాడు ఆ పిల్లను స్టాఫ్ రూము బయటికి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అయితే ఏమాయె టీచర్" అంది లింగమ్మ. "పెద్ద పరీక్షల బట్టీ కొడ్తా. నాకేమన్న రాదా?"

అని జడ వెనక్కి విసురుకుని ఆటస్థలం వైపు పరుగెత్తింది. అంత తేలిగ్గా అన్నందుకు అరుంధతికి ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది.