నీడకు టాకా

పొద్దున్నే షెడ్డు ముందర నీళ్లు చల్లడం సాలేహాబీ పని. శామీర్‌పేట చెరువు కట్ట దాటి కరీంనగర్ రోడ్డు మీద ఇంకాస్త పోతే ఎడమచేతి పక్కన ఉంటుంది ఆ రేకుల షెడ్డు. ముందర గేట్లు, గ్రిల్లులు చేసే జాగ, వెనక ఇల్లు, నడుమ వాకిలి. కరెంటు పోయేలోగా పని కావాలని కొడుకు ఖాలిక్ తెల్లారంగనే రాడ్లు ముందరేసుకొని కూర్చునేవాడు. కూతురు నిఖత్ గ్రైండర్ పట్టి, అన్న వేసిన అతుకుల్ని అద్దంలా నునుపు చేసేది.

సాలేహాబీ నీళ్లు చల్లుకుంటూ గేటు దాకా వచ్చేది గానీ గేటు దాటేది కాదు. ఆమె నీడ వంటింటి గడపకున్న ఇనుప పట్టీకి అతికి ఉంది. పెళ్లయిన కొత్తలో మాటిమాటికీ పుట్టింటికి పోతోందని మొగుడు ఒకనాడు ఎండలో నిలబెట్టి, నీడ అంచుకు ఒక టాకా వేశాడు. టాకా అంటే పూర్తి అతుకు కాదు, ముక్కలు జరగకుండా ముందుగా పెట్టే చిన్న చుక్క. పొద్దున, సాయంత్రం నీడ సాగుతుంది కనక ఆమె గేటు దాకా తిరగగలిగేది. మిట్టమధ్యాహ్నం నీడ ముడుచుకుపోతే గడపలోనే కూర్చునేది. మొగుడు చచ్చిపోయాడు, టాకా ఉండిపోయింది. వెల్డింగ్ వాళ్ల ఇళ్లల్లో అట్లాగే ఉంటుందని చుట్టుపక్కల వాళ్లు దాని మాటే ఎత్తేవాళ్లు కాదు. సుత్తితో ఒక్క దెబ్బ కొడితే ఊడేదే. ఆ సుత్తి ఎప్పుడూ మగవాళ్ల పెట్టెలో ఉండేది.

ఖాలిక్ చెల్లెలి నీడకూ టాకా వేసి చూశాడు. నిలవలేదు. నిఖత్ నీడ మరీ పల్చన. పాత మిషన్ మంట తగలగానే బొక్క పడేది. ఆ పిల్ల కాలు విదిలించుకొని, "పల్చటి రేకుకు నీ రాడ్డు పనికిరాదు భాయ్" అని ఎగతాళి చేసుకుంటూ పోయేది.

నిఖత్‌కు నిఖా అయింది. పెళ్లికొడుకు ఫర్హాన్ కుత్బుల్లాపూర్‌లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. పిల్లను అత్తగారింటికి సాగనంపే రుఖ్సత్ ఒక్కటి మిగిలింది. వాళ్లు అడిగినప్పుడల్లా ఖాలిక్ "ఈ ఆర్డరు కానీ" అనేవాడు. అంత నునుపు పని చేసే చెయ్యి, నోరెత్తి కూలి అడగని చెయ్యి, మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? చివరికి ఫర్హానే ఫోన్ చేశాడు. "జుమ్మా నాడు జీపు తీస్కొని వస్తున్న భాయ్. ఈసారి ఉత్త చేతులతోని తిరిగిపోను."

ఆ వారంలోనే కొత్త మిషన్ దిగింది. రాడ్డు, తీగ, టిగ్గు, మూడు రకాల వెల్డింగూ ఒక్క డబ్బాలోనే. అమ్మిన దుకాణం నుంచి రాజారావు అనే ఆయన వచ్చి గ్యాసు సిలిండరు బిగించి, పైపు తగిలించి, టిగ్గు టార్చిలో పెట్టే సన్నటి ముల్లును పెన్సిలు చెక్కినట్టు గ్రైండరు మీద చెక్కాడు.

"రాడ్డు పనికయితే హోల్డర్ ప్లస్సులో, రేకుకు తగిలించే అర్తింగ్ క్లిప్పు మైనస్సులో పెట్టండి. టిగ్గుకు తిరగెయ్యాలి. టార్చి మైనస్సు, క్లిప్పు ప్లస్సు. మర్చిపోకండి ఖాలిక్ గారూ."

ఖాలిక్ మొహం మాడింది. "పనిజేసే చెయ్యిని మైనస్సుల పెడతరా సార్? కొత్త మిషన్. మైనస్సంటే నష్టం గదా."

"ఇదేమన్నా కిరాణా కొట్టు లెక్కా అండీ! ప్లస్సులో పెట్టారంటే వేడంతా మీ వైపు తిరుగుతుంది. ముందున్న రేకుకు అంటదు. మీ చేతిలో ముల్లే కరిగి ఉండ కడుతుంది."

"ఎంత పల్చటిదైనా అతుకుతదా గిది?"

రాజారావు నవ్వి, జేబులోంచి రెండు గడ్డం బ్లేడ్లు తీసి అంచుకు అంచు పెట్టి అతికించాడు. ఖాలిక్ ఆ ముక్కను ఎండకు పెట్టి చూశాడు, గుంజి చూశాడు. ఊడలేదు. అప్పుడు అతని చూపు బ్లేడు మీది నుంచి మెల్లగా నేల మీదికి, సిలిండరు తాళంచెవి పట్టుకొని నిలబడ్డ చెల్లెలి నీడ మీదికి పోయింది. ఆ చూపును నిఖత్ చూసింది. గడపలో కూర్చొని ఎల్లిగడ్డ ఒలుస్తున్న సాలేహాబీ కూడా చూసింది.

జుమ్మా వచ్చింది. శుక్రవారం పొద్దున్నే ఖాలిక్ గేటుకు తాళం వేసి, తాళంచెవి అంగీ జేబులో పడేసుకున్నాడు. వాకిట్లో కొత్త స్టీలు చట్రాన్ని పడుకోబెట్టి, మిషన్‌ను టిగ్గుకు తిప్పాడు.

"నిఖత్, ఇట్లరా. ఎండల నిలబడు."

"నేను నిలబడ భాయ్."

"నిలబడకేం జేస్తవ్?" అంటూ ఆమె జడను పిడికిలికి చుట్టుకొని ఈడ్చుకొచ్చాడు. నీడ సరిగ్గా చట్రం మీద పడేదాకా మెడ వంచి జరిపాడు. "ఏడువకు. నీకేం తక్కువైతాందిక్కడ? తిండి లేదా? బట్ట లేదా?"

ఏడుస్తున్న నిఖత్‌కు వంగిన చోటు నుంచి మిషన్ కింది భాగం కనబడింది. టార్చి ప్లస్సులో ఉంది. ఆమె ఏడుపు ఆగిపోయింది.

ఖాలిక్‌కు కూడా ఎక్కడో అనుమానం. టార్చి పట్టుకొని ఒక క్షణం ఆగాడు. "గా సారు గిట్లనే పెట్టిండు గదా?"

నిఖత్ మిషన్ మీది నుంచి చూపు తిప్పుకుంది. వంటింట్లో రొట్టె ఒత్తుతున్న చప్పుడు ఆగింది.

"గట్లనే పెట్టిండు బేటా," అంది సాలేహాబీ. "నేను చూసిన."

మళ్లీ రొట్టె ఒత్తుకుంది.

ఖాలిక్ ముసుగు దించుకున్నాడు. నీలం వెలుగు లేచింది, గ్యాసు సన్నగా బుస పెట్టింది. తల నుంచి పాదాల దాకా, ఎక్కడా సందు లేకుండా, ఓపిగ్గా అతుకు వేసుకుంటూ పోయాడు. టాకా కాదు, పూర్తి అతుకు. ముసుగు ఎత్తి చూస్తే టార్చి ముల్లు ఉండ కట్టి ఉంది. నిఖత్ ఒక అడుగు పక్కకు వేసింది. ఆమె నీడ దండెం మీది తడి దుపట్టాలా చట్రం మీది నుంచి జారి ఆమె వెంట పోయింది. ఖాలిక్ లేవబోయాడు. సగం లేచి, ఎవరో నడుం పట్టి గుంజినట్టు కూలబడ్డాడు. చట్రానికి అతికింది అతని నీడ.

"గ్రైండర్ తే! జల్దీ! కొయ్యి!"

"కోస్తే నీ నీడే తెగుతది భాయ్. మస్తు గట్టిగ వేసినవ్." నిఖత్ సిలిండరు మూసి, పైపులో మిగిలిన గ్యాసు వదిలి, స్విచ్చి ఆర్పింది. అన్న జేబులోంచి తాళంచెవి తీసుకుంది. పెట్టెలోంచి సుత్తి తీసి గడప దగ్గరికి పోయింది. "అమ్మీ, ఊడగొట్టనా?"

"నేను గూడ వస్తే వానికి రొట్టె ఎవలు పెడతరు? పో బిడ్డా, నువ్వు పో."

నిఖత్ సుత్తిని అన్న పెట్టెలోనే పెట్టేసింది.

నమాజు కాకముందే జీపు వచ్చింది. ఫర్హాన్ సలాం చేసి, నేల మీద కూర్చున్న ఖాలిక్‌ను చూసి చిన్నబోయాడు. "రోడ్డు దాక గూడ రారా భాయ్?"

"కాళ్లు తిమ్మిరెక్కినయి," అన్నాడు ఖాలిక్.

జీపు కదిలాక ఫర్హాన్ అన్నాడు, "మీ భాయ్‌కు కోపం పోలేదింక."

"పోదు," అంది నిఖత్.

ఎండ నడినెత్తికి వచ్చింది. సాలేహాబీ రొట్టెలు, పుల్లటి పప్పు పళ్లెంలో పెట్టుకొని గడపలోకి వచ్చింది. నీడ ముడుచుకుపోయి ఉంది, అంతకు మించి అడుగు పడదు. వాకిలి నడుమ కొడుకు. పళ్లెం కింద పెట్టి రొట్టెల కర్రతో ముందుకు తోసింది. కర్ర అందినంత దూరం పోయి పళ్లెం ఆగింది. ఖాలిక్ బోర్లా పడుకొని చెయ్యి చాచాడు. అందలేదు.

"బేటా, నీ పక్కనే పెట్టెల సుత్తి ఉన్నది గదా. ఇటు ఇసురు. ఊడగొట్టుకొని వచ్చి నా చేతులతోని తినిపిస్త."

ఖాలిక్ సుత్తి చేతికి తీసుకున్నాడు. తల్లిని చూశాడు. బార్లా తెరిచి ఉన్న గేటును చూశాడు. గేటవతల కరీంనగర్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. సుత్తిని తొడ కింద పెట్టుకొని దాని మీద కూర్చున్నాడు.

"ఎందుకమ్మీ? సాయంత్రం నీ నీడ సాగుతది గద. అప్పుడు తెచ్చి పెట్టు. ఆగుత."

సాలేహాబీ చాలాసేపు కొడుకు మొహంలోకే చూసింది. ఏం వెతికిందో ఏమో. "సరే," అంది.

కర్రతో పళ్లెం వెనక్కి లాక్కుంది. ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటి నుంచి మగవాళ్లు తినకముందు మెతుకు ముట్టని మనిషి, గడపలో మఠం వేసుకొని కూర్చొని రొట్టె తుంచింది. పప్పులో ముంచుకొని, తొందర లేకుండా, ఒక్కొక్క ముక్కే నమిలి తిన్నది. కొడుకు చూస్తూనే ఉన్నాడు. పళ్లెం వేలితో తుడుచుకొని నాకి, నీళ్లు తాగింది.

పొద్దు చెరువు మీదికి వాలింది. ఆమె నీడ సాగి సాగి వాకిలంతా పరుచుకుంది.

"అమ్మీ," అని పిలిచాడు ఖాలిక్. "ఇగ అందుతవు గద. ఆకలైతాంది."

సాలేహాబీ కడిగిన పళ్లేన్ని పొయ్యి పక్కన బోర్లించి వచ్చి, గడపలో కాళ్లు చాపుకొని కూర్చుంది. చీకటి పడేదాకా అక్కడి నుంచి లేవలేదు.