జాలి బంతి

చైనాలోని షిజియాజువాంగ్‌లో మా నూలుమిల్లు మూతపడి పాతికేళ్లయింది. దాని క్లబ్బు హాలు మాత్రం రిటైరైన మా అందరి అరుపులతో ఇంకా బతికే ఉంది. అక్కడ టేబుల్ టెన్నిస్‌లో నాదీ సూయున్‌దీ ముప్పయ్యేళ్ల జోడీ. బంతి బల్ల అంచుకు తగిలి పాయింటు వస్తే, అవతలివాళ్లకు ఖాళీ చెయ్యెత్తి మన్నించమనడం మా మర్యాద. సూయున్ అది ఒక్కసారీ మరిచిపోలేదు.

పక్షవాతం వచ్చాక ఆమె కుడి చెయ్యి ఎనిమిది నెలలుగా కోటు జేబులోనే ఉంటోంది. బ్యాటు ఎడమ చేతికి మారింది. అందరూ ఆమెకు మెత్తటి బంతులే వేస్తున్నారు. నేనూ వేశాను, అబద్ధమెందుకు. రెండో రోజే కనిపెట్టేసింది.

"ఏమే రుయిజెన్, నూడుల్స్ చల్లార్చి నోట్లో కూడా పెడతావా?"

అందుకే క్లబ్బుకు బంతులు విసిరే రోబో వచ్చిందనగానే సంబరపడింది. దానికి జాలి తెలియదు కదా. అది విసిరే ఇరవై బంతుల్లో పదిహేను తిప్పికొట్టిన వాళ్లకే వసంత పోటీల జట్టులో చోటని కెప్టెన్ లావ్ ఫాంగ్ చెప్పాడు. చోటు రాకపోతే ఇక హాలు గడప తొక్కనంది సూయున్. అన్నంత పనీ చేసే మనిషి.

రోబోను బల్ల చివర బిగించి, చుట్టూ వల కట్టాం. కొత్త బంతులను పొడి పోయేలా సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టి, బుట్టలో పోసి మీట నొక్కాను. నాలుగు బంతులు సూయున్ వైపు దూసుకొచ్చాయి. ఐదోది నెట్ కూడా దాటకుండా చతికిలబడింది.

సూయున్ మొహం ఎర్రబడింది. "వేగం తగ్గించావు కదూ? నీ జాలి దానికీ అంటించావా?"

"నీ మీద ఒట్టే, నేను ముట్టుకోలేదు!"

లావ్ ఫాంగ్ బుట్ట గెలికి, మిల్లు ముద్ర ఉన్న పాతకాలపు చిన్న బంతి బయటికి తీశాడు. "ఇదెవరి నిర్వాకం?"

నాదే. మిల్లు రోజుల బంతుల్ని పారేయడానికి మనసొప్పక దాచుకున్నాను. ఇవీ పనికొస్తాయిలే అని కలిపేశాను. ఇప్పటి పెద్ద బంతుల కొలతకు చేసిన రోబో చక్రాల మధ్య అవి జారిపోతున్నాయి. తిట్లు తింటూ అన్నీ ఏరేశాను.

శుక్రవారం పరీక్ష. పంతొమ్మిది బంతులయ్యేసరికి సూయున్ పద్నాలుగు తిప్పికొట్టింది. ఇరవయ్యోది నెట్ మీదుగా నీరసంగా వచ్చింది. సూయున్ దాన్ని తేలిగ్గా అవతలికి నెట్టింది.

"పదిహేను!" అని గంతేశాను.

"ఆగవే. అది చిన్న బంతి," అంది సూయున్. నిజమే, నా కంట పడకుండా ఒకటి మిగిలిపోయింది.

"తిప్పికొట్టావుగా, రాసేస్తాను," అన్నాడు లావ్ ఫాంగ్.

"జాలి బంతి నాకొద్దన్నయ్యా. పెద్దది వెయ్యి."

సూయున్ పీక పిసకాలనిపించింది నాకు. లావ్ ఫాంగ్ మీట నొక్కాడు. బంతి దూసుకొచ్చింది. సూయున్ తిప్పికొట్టిన బంతి అవతలి అంచును గీరుకుంటూ పక్కకు ఎగిరిపోయింది. అంచు బంతి! లెక్కలోకి వచ్చినట్టే.

అలవాటు కొద్దీ సూయున్ రోబోకు చెయ్యెత్తింది. హాలంతా గొల్లున నవ్వింది.

"రోబోకు మన్నింపులేంటమ్మా!" అన్నాడు లావ్ ఫాంగ్.

నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. బ్యాటున్నది ఎడమ చేతిలో. జేబులోంచి బయటికొచ్చి, నడుము దాకా లేచి, వణుకుతూ నిలబడింది కుడి చెయ్యి.