యేసమ్మ కొలత జాకెట్టు

గాబ్రియేలు మిషను తొక్కడం ఆపి దారాన్ని పంటితో తెంపాడు. దర్జీ దుకాణం తలుపు ఒక రెక్కే తీశాడు. రెండోది తీస్తే దారినపోయేవాళ్లు "బిడ్డ పెండ్లినాడు గూడ కుట్టుడేనా?" అని ఎకసెక్కాలాడతారు. అసలే మెదకులో అతనికో పేరుంది. ఊళ్లోవాళ్ల బట్టలు చెప్పిన రోజుకు ఇస్తాడు, ఇంట్లోవాళ్లవి మాత్రం పండుగ గంట కొట్టేదాకా ఇవ్వడు. పదకొండింటికి చర్చిలో కూతురు ఎలిశిబా పెళ్లి. తెల్లచీర మీదికి ఆమె జాకెట్టు ఒక చెయ్యి లేకుండా ఇంకా మిషను మీదే ఉంది.

పక్కన వెలిసిపోయిన నీలం జాకెట్టొకటి పరిచి ఉంది. దాని కొలతకే తెల్లది కత్తిరించాడు. అది ఎలిశిబాను కన్నతల్లి యేసమ్మది. ఇరవై రెండేళ్లకే విషజ్వరంతో పోయింది. పిల్లకప్పుడు మూడేళ్లు. చీరలన్నీ చుట్టాలకు పంచేశారు. కొలతకని దుకాణంలో ఉండిపోయిన ఈ జాకెట్టొక్కటే మిగిలింది. రెండేళ్లకు సువార్తమ్మను చేసుకున్నాక, ఆమె నొచ్చుకుంటుందేమోనని దీన్ని దుకాణం బీరువా అడుగున దాచాడు. ఎప్పుడు తీసినా మడతల్లోంచి వేపాకు పొడి రాలేది. గాలికి కొట్టుకొచ్చిందనుకునేవాడు, మూసిన బీరువాలోకి!

ఆ భయంతోనే పద్నాలుగేళ్లుగా ఇంట్లో యేసమ్మ పేరెత్తలేదు. "మా అమ్మ ఎట్లుండె నాయినా?" అని ఎలిశిబా అడిగినప్పుడల్లా సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకునేవాడు. ఇవాళ పిల్ల జవాబు లేకుండానే వెళ్లిపోతుందేమోనని అతని దిగులు.

జాకెట్టును దాచగలిగాడు గాని చేతుల అలవాటును దాచలేకపోయాడు. సువార్తమ్మకని మొదటి క్రిస్మస్‌కు కుట్టిన జాకెట్టును అతని చేతులు యేసమ్మ కొలతకే కత్తిరించాయి. సువార్తమ్మ నిండైన మనిషి. చర్చిలో పాటకు లేచి చప్పట్లు కొట్టగానే రెండు చంకలూ పర్రున చినిగాయి. కొంగు కప్పుకొని కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. ఆ నవ్వు విన్నాకే గాబ్రియేలుకు తన ఇల్లు మళ్లీ నిలబడుతుందని నమ్మకం కలిగింది.

"అయిందా?" అంటూ సువార్తమ్మ లోపలికొచ్చింది. గాబ్రియేలు నీలం జాకెట్టును గబుక్కున తొడ కిందికి తోశాడు.

"తియ్యి, నలుగుతది. గది యేసమ్మక్కది. నాకు తెల్వదా?"

"నీకెట్ల తెల్సు?"

"నా చంకలు చినిగిననాడే తెల్సింది. గంత సన్నగ నేనెన్నడుంటి? తెల్లారి ఊడ్వనొచ్చి బీరువంత ఎతికిన. గిన్నేండ్లు పురుగెందుకు పట్టలే అనుకున్నవ్? ఏటేట యాపాకు ఎవలు పెట్టిండ్రు?"

గాబ్రియేలు జాకెట్టును తొడ కిందినుంచి తీశాడు. ముందు సిగ్గేసింది. తర్వాత మనసు తేలికై, పెళ్లికొడుకులా నవ్వుతూ రెండో చెయ్యి కుట్టడానికి కూర్చున్నాడు.

ఎలిశిబా తొడుక్కుంటే ఒక్క కుట్టు కూడా విప్పే పని పడలేదు. అద్దంలో చూసుకుంటూ అడిగింది. "అమ్మ గిట్లనే ఉండెనా నాయినా?"

ఈసారి అతను తల వంచుకోలేదు. "గిట్లనే బిడ్డా. గవే భుజాలు, గదే నడక. బియ్యం ఏరుకుంట పాడుతుండె. ఒక్క పాటన్న సక్కగ రాకపోతుండె. గని నవ్వు మాత్రం నీకు గీ అమ్మదే వచ్చింది," అని భార్య వైపు చూశాడు.

"గట్లయితే అత్తగారింట్ల, రేగోడ్‌ల నవ్వినా మనకు ఇనస్తది," అని సువార్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పెళ్లికొడుకు సుధాకర్‌ది రేగోడ్. సాయంత్రం బస్సెక్కబోతూ ఎలిశిబా తన పాత గులాబీరంగు జాకెట్టు తండ్రి చేతిలో పెట్టింది. "కొలతకుంచుకో. నా జాకెట్లు నువ్వే కుట్టి పంపాలె. జర జల్ది పంపు, పండుగ గంట కొట్టేదాంక ఆగకు." అందరూ నవ్వుతుండగానే బస్సు కదిలింది.

మర్నాడు పొద్దున గాబ్రియేలు బీరువా తెరిచాడు. పై అరలో, అందరికీ కనబడేచోట, యేసమ్మ నీలం జాకెట్టు మీద ఎలిశిబా గులాబీ జాకెట్టు మడతపెట్టి ఉంది. దాని మడతలో అప్పుడే తుంచిన వేపరెమ్మ.